వెనక యాక్సిల్

సోమవారం పొద్దున క్వాడ్ బండిని ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందు దింపారు. మెకానిక్ ఎజ్రా దాని చుట్టూ ఒకసారి తిరిగి, నేలమీద ఉమ్మేశాడు. లోయలోంచి వెతికి తెచ్చిన ఎడమవైపు వెనక చక్రం విడిగా వచ్చింది. హబ్బూ, దానితోపాటు జానెడు యాక్సిల్ ముక్కా చక్రానికే అంటుకుని ఉన్నాయి. రెండు వెనక చక్రాల్నీ కలిపే ఇరుసు అది; తక్కిన యాక్సిల్ బండి కింద నుంచి మొండిగా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ఎంత తాగితే ఇలగ ఇరుగుతాదిరా, ఫల్గుణా" అన్నాడు, ఫల్గుణ అక్కడ లేకపోయినా.

అనంతగిరి దాటి అరకు వెళ్లే రోడ్డు మీద ఉన్న ఆ రిసార్టులో ఆరు క్వాడ్ బండ్లున్నాయి. అయిదు టూరిస్టులకి. ఈ ఎర్రది మాత్రం స్పోర్ట్ బండి. నాలుగు లావు టైర్లు, ఒక్క మనిషికే సీటు. గైడు ఫల్గుణ దీన్నెక్కి ముందు నడుస్తుంటే, టూరిస్టులు కాఫీ తోటల మధ్య నుంచి అతని వెనక వస్తారు. ఆదివారం మధ్యాహ్నం దిగుడు మలుపులో చక్రం ఊడి లోయలోకి దొర్లిపోయింది. బండి పక్కకి ఒరిగి ఫల్గుణ మోకాలి కింద ఎముక విరిగింది. వెనక వచ్చే టూరిస్టులు సమయానికి బ్రేకులేశారు కాబట్టి సరిపోయింది.

తన చేత్తో నట్లు బిగించిన బండి. వారానికోసారి గొలుసుకి నూనె పెట్టేదీ, బేరింగుకి గ్రీజు పట్టించేదీ తనే. దాన్నొకడు తాగి ఇలా తగలేశాడంటే ఎజ్రాకి కడుపు మండిపోయింది. ఫల్గుణ తాగుతాడని తెలియనిదెవరికి? జీలుగు కల్లు దిగే రోజుల్లో వాళ్ల ఊరంతా తాగుతుంది. ఎజ్రా పుట్టిన దగ్గర్నుంచి మిషన్ చర్చిలో పెరిగినవాడు. నలభై రెండేళ్లొచ్చినా నాలుక మీద చుక్క పడనివ్వలేదు.

యజమాని వరహాలరావు ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు. విశాఖపట్నం మనిషి. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది.

"ఇదిగో, సదువుకుని సంతకం పెట్టు."

ఎజ్రా చేతులు గుడ్డకి తుడుచుకుని చదివాడు. బండి మంచి స్థితిలో ఉన్నదనీ, నడిపిన వ్యక్తి మద్యం సేవించి ఉన్నాడనీ, ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణమనీ రాసి ఉంది. అడుగున 'సాక్షి: మెకానిక్' అని గీత గీసి ఉంది.

"ఎక్కడికండీ ఇది?"

"పోలీసులకి. వాడి వాళ్లొచ్చి గొడవ చేస్తే మన దగ్గర కాగితం ఉండాలి కదా. అయినా ఇంకెక్కడా వాణ్ని బండెక్కనివ్వకూడదు. అన్ని రిసార్టులకీ చెప్పేశాను."

బండి మంచి స్థితిలో ఉన్నదన్న మాట ఎజ్రాకి నచ్చింది. అది తన పని గురించిన మాట. ట్యాంకు మీద కాగితం పరిచి, 'కె. ఎజ్రా' అని పొడుగ్గా రాశాడు.

మధ్యాహ్నం వరహాలరావు మేనల్లుడు ఉదయ్ వచ్చాడు. విశాఖలో చదువు ముగించి, మామ రిసార్టులో బండ్లు తోలుతూ గడుపుతున్న కుర్రాడు. వచ్చే నెల బీచిలో జరిగే పందెంలో ఈ ఎర్ర బండి మీదే దిగాలని ముచ్చట. ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితాలు సీటు మీద పడేశాడు.

"కొత్త యాక్సిల్ కంపెనీది వద్దు. బయటి తయారీది, దీనికన్నా స్ట్రాంగ్‌ది వేద్దాం. ఇది చూడు, నాలుగంగుళాలు ఎక్కువ వెడల్పు. మలుపులో ఎంత కొట్టినా బండి లేవదు."

ఎజ్రా బొమ్మల వంక చూశాడు. నల్లటి కడ్డీ, రెండు చివర్లా పళ్లు. "అటు రెండంగుళాలూ ఇటు రెండంగుళాలూ చక్రాలు బయటికెళ్తాయి బాబూ. బీచిలో అయితే బాగుంటాది. మన దారిలో ఒకపక్క రాతి కట్టు, ఒకపక్క లోయ. ముందు చక్రాలు దాటిన కాడ ఎనక చక్రం తగిలీగలదు. తోలేవోడికి ఎనక కనబడదు కదా."

"తాగనోడు తోలితే తగలదులే."

"చక్రం దూరమైన కొద్దీ బేరింగు మీద బరువు పెరుగుతాది..."

"నిన్ను అడిగింది కొలతలు. లెక్చరు కాదు" అన్నాడు ఉదయ్. "పొడవెంత, పళ్లెన్ని, రాసివ్వు. బుధవారం బెంగళూరు ఫోన్ చేయాలి."

మంగళవారం ఎజ్రా బండిని దిమ్మెల మీదికెత్తాడు. గొలుసు విప్పాడు. బ్రేకు పళ్లెం తీశాడు. యాక్సిల్‌ని పట్టి ఉంచే జంట నట్లు మొరాయిస్తే, పెద్ద పానాకి పైపు తొడిగి ఒళ్లంతా వేలాడేసి కదిపాడు. మొద్దు ముక్క బేరింగులోంచి జారి చేతుల్లోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెడుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

ఫల్గుణ భార్య రాజకుమారి. కాఫీ పళ్లు కోసే పనికి వెళ్లేదే అయినా ఈవేళ వెళ్లినట్టు లేదు. చీర మీద మరకలు లేవు.

"ఆడి సంచీ, జోళ్లూ ఇక్కడున్నాయంట."

ఎజ్రా మేకుకి వేలాడుతున్న సంచీ తీసిచ్చాడు. జోళ్లు బల్ల కింద నుంచి కాలితో తోశాడు. ఆమె వంగి తీసుకుంది గానీ కదల్లేదు.

"కాగితం మీద నువ్వు సంతకం ఎట్టావంట గదా అన్నా?"

"ఎట్టాను."

"ఆదోరం ఆడు బండెక్కినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. ఆడి కాడ వాసన వచ్చిందేటి?"

ఎజ్రా పానా తుడవడం మొదలుపెట్టాడు.

"నీ ముక్కుతో నువ్వు సూసావా అని అడుగుతన్నాను."

"తాగుతాడని అందరికీ తెలుసు కదమ్మా."

"అందరి సంగతి నానడగలేదు." ఆమె గొంతు పెరగలేదు. "బైబిలు సదివే మడిసివి. నువ్వే ఎట్టావంటే అది నిజమే అయ్యుంటాదని మా ఊరోళ్లే అంతన్నారు. మా అత్త కూడా అంతంది."

జోళ్లు సంచీలో వేసుకుని వెళ్లిపోయింది. వాసన వచ్చిందా? ఆదివారం ఫల్గుణ అగ్గిపెట్టె అడిగాడు. లేదన్నాడు తను. అంత దగ్గరగా నిలబడ్డారు ఇద్దరూ. బీడీ వాసన గుర్తుంది. తడిసిన చొక్కా వాసన గుర్తుంది. ఇంకేదీ గుర్తు రాలేదు.

గుర్తు రానంత మాత్రాన లేదనేటి, అనుకుని పనిలో పడ్డాడు.

పళ్లు లెక్కపెట్టాలంటే మడ్డి పోవాలి. చక్రం నుంచి హబ్బు ఊడదీసి, జానెడు ముక్కని కిరసనాయిలు డబ్బాలో ముంచి, బ్రష్షుతో రుద్దాడు. పళ్ల సందుల్లోంచి నల్లటి బురద దిగింది. ఒక పంటి మీద సుద్దతో గుర్తుపెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కాగితం మీద రాసి, ముక్కని తిరగేసి విరిగిన ముఖాన్ని కూడా ఒకసారి రుద్దాడు.

రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

విరిగిన ముఖం ఒక్క రంగులో లేదు. మూడొంతుల్లో రెండొంతులు ముదురు గోధుమ రంగులో, వేలితో తడిమితే నున్నగా ఉంది. దాని మీద గవ్వ మీద ఉన్నట్టు ఒకదాని వెనక ఒకటి సన్నటి వంపు గీతలు. మిగిలిన ఒక్క వంతు మాత్రమే పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. ఎజ్రా ఆ ముక్కని గుమ్మం దగ్గరికి, ఎండలోకి తీసుకెళ్లాడు.

ఇరవై ఏళ్లకి పైగా జీపుల యాక్సిళ్లు చూస్తున్నవాడు. ఒక్క దెబ్బకి విరిగిన ఇనుము అంతటా తెల్లగానే ఉంటుంది. ముదురు రంగు పడిందంటే అక్కడ ముందే బీట ఉన్నట్టు. తిరిగిన ప్రతి తిరుగుడికీ వెంట్రుకంత లోపలికి జరిగి, లోపలికి చెమ్మ దిగి, తుప్పు పట్టి, రోజుకో గీత గీసుకుంటూ నెలల తరబడి నడిచిన బీట అది. ఆదివారం నాటికి తెగకుండా మిగిలింది ఆ తెల్లటి వంతు ఒక్కటే. తాగినవాడెక్కినా, తాగనివాడెక్కినా, పాస్టరుగారెక్కినా అది ఆ రోజు తెగేదే.

బీట ఎక్కడ మొదలైందో చూడటానికి గీతల వంపుని వెనక్కి పట్టుకుంటూ పోయాడు. అవన్నీ అంచున ఒక్క చోటికి చేరుతున్నాయి. ఆ అంచు పైన కడ్డీ మీద, అరచేయంత మేర, కాలిన ఇనుముకి వచ్చే నెమలి మెడ రంగు మచ్చ ఉంది.

మచ్చ మీద బొటనవేలు ఆనించి ఎజ్రా అలాగే నిలబడ్డాడు. ఆ మచ్చ తనదే.

ఫిబ్రవరిలో ఉదయ్ మట్టి దిబ్బ మీద నుంచి బండిని ఎగరేస్తే యాక్సిల్ వంగింది. చక్రం వంకర తిరిగింది. కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుంది, శనివారం హైదరాబాద్ నుంచి పెద్ద పార్టీ వస్తోంది, ఎలాగో ఒకలాగు చేసెయ్యమన్నాడు వరహాలరావు. ఎజ్రా గ్యాసు మంటతో దాన్ని ఎర్రగా కాల్చాడు. రైలు పట్టా ముక్క మీద పెట్టి సుత్తితో సరిచేశాడు. చల్లారేదాకా ఆగే తీరిక లేక బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. తిప్పుతూ సుద్దముక్క దగ్గరగా పట్టి చూస్తే కడ్డీ చుట్టూతా సమంగా గీత పడింది, అంటే వంకర పోయినట్టే. వరహాలరావు భుజం తట్టాడు. ఆ ఆదివారం చర్చి బయట ఈ సంగతి ఎజ్రా ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాడు కూడా.

ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్లు పోస్తే పెళుసెక్కుతుందనీ, పోయకూడదనీ అతనికి తెలుసు. పద్దెనిమిదేళ్ల వయసులో జీపు షెడ్డులో నేర్చుకున్న మొదటి పాఠాల్లో అదొకటి.

డబ్బాలో కిరసనాయిలు మీద మడ్డి తేలుతోంది. ముక్కలు తుక్కులో పారెయ్యమని వరహాలరావు పొద్దున్నే చెప్పాడు. ఎజ్రా జానెడు ముక్కని గుడ్డలో చుట్టి అన్నం సంచీలో పెట్టుకున్నాడు.

బుధవారం పదకొండు గంటలకి ఆఫీసులో ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టారు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు ఉదయ్. బెంగళూరు దుకాణంలో మాట్లాడే ఆయన పేరు రామారావు. నెమ్మదిగా, తొందర లేకుండా అడుగుతున్నాడు. బండి ఏ సంవత్సరంది? పళ్లెన్ని? పొడవెంత? బ్రేకు పళ్లెం ఎటువైపు? ఎజ్రా కాగితం చూసి ఒక్కొక్కటీ చెప్పాడు.

"మాకు ప్లస్ ఫోర్ కావాలి, నాలుగంగుళాలు వెడల్పెక్కువది" అన్నాడు ఉదయ్.

"ఎక్కడ తోల్తారు సార్? రేసు ట్రాకా, కొండ దారా?"

"రెండూ."

"ఏడాదిలో ఎక్కువ రోజులు?"

ఉదయ్ మామ వంక చూశాడు. "కొండ దారే" అన్నాడు ఎజ్రా.

"అయితే పాత వెడల్పే తీసుకోండి. బలం కావాల్సింది ఇనుములో, పొడవులో కాదు. క్రోమ్ మోలీ ఉక్కుది ఉంది, లోపలిదాకా పదును పెట్టి గట్టిచేసింది. వంగితే ఊరికే మార్చిస్తాం. ఒకటే షరతు, దానికి మంట చూపించకూడదు. మంట తగిలితే పదును పోతాది, ఇంక మా పూచీ లేదు." కాగితాలు తిరగేసిన చప్పుడు. "పాతది ఎట్లా పోయింది? వంగిందా, తెగిందా?"

"తెగింది" అన్నాడు వరహాలరావు. "తాగి తోలాడు, మా గైడొకడు."

"తాగి తోలితే బండి బోర్లా పడతాది సార్. యాక్సిల్ ఎందుకు తెగుతాది?"

వరహాలరావు ఫోన్ అందుకోబోయాడు. ఎజ్రా ముందుకి వంగాడు.

"అది వంగితే నేను కాల్చి సరిచేశానండి. ఫిబ్రవరిలో."

"ఎర్రగా కాల్చారా?"

"ఎర్రగానే."

"నీళ్లేమన్నా పోశారా?"

"పోశాను."

"మరి ఇన్నాళ్లు ఆగడమే గొప్ప" అన్నాడు రామారావు. "మనిషికేం కాలేదు కదా?"

"కాలు విరిగింది" అన్నాడు ఎజ్రా. "పాత వెడల్పుదే పంపండి. క్రోమ్ మోలీది. బేరింగులు కూడా ఒక జత పంపండి, పాతవి అరిగి ఉన్నాయి."

ఉదయ్ ఫోన్ పెట్టేశాడు. "ఆర్డరు చెప్పడానికి నువ్వెవడివి?"

వరహాలరావు అతన్ని చేత్తో ఆపి, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏటి ఎజ్రా, పరాయివోడి ముందు పరువు తీస్తన్నావు?"

"ఫల్గుణ తప్పు లేదు సార్. ముక్క మీద రాసినట్టు ఉంది. పాత బీట."

"ముక్క తుక్కులో పారెయ్యమన్నాను కదా."

ఎజ్రా కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే విను. కాల్చింది ఎవరు?"

"నేనే."

"నీళ్లు పోసింది?"

"నేనే. మీరు శనివారానికి కావాలన్నారని..."

"కావాలన్నాను. కాల్చమన్నానా? పొయ్యమన్నానా? నాకేటి తెలుస్తాది ఇనుము సంగతి? మెకానిక్ నువ్వు. ఆ ముక్క బయటికెళ్తే ముందు లోపలికెళ్లేది నువ్వే." చూపుడు వేలు ఎజ్రా వైపు చాచి ఉంచాడు. "తాగుబోతు అంటే వాడికి పోయేదేటి? రేపు ఇంకో పని చూసుకుంటాడు. నీ మాట పోతే నీకు పానా ఎవడిస్తాడు?"

అందులో అబద్ధమేమీ లేదు. కాల్చమని ఆయన అనలేదు.

"నా సంతకం నాకిచ్చెయ్యండి సార్."

"పిండిన పాలు పొదుగులోకి ఎక్కుతాయేటి? కాగితం పోయింది. పో, పని చూసుకో. బండి నెలాఖరుకి నడవాలి."

ఎజ్రా షెడ్డుకి వెళ్లి పానాలన్నీ సైజుల వారీగా గోడకి తగిలించాడు. విప్పిన నట్లని డబ్బాలో వేసి మూత పెట్టాడు. కొత్త యాక్సిల్ వస్తే ఏ వాషరు ఎటువైపు రావాలో సుద్దతో బల్ల మీద బొమ్మ గీశాడు. తను ఉండకపోవచ్చు. బిగించేవాడెవడో తప్పు బిగించకూడదు. ఆ తరవాత సంచీ తీసుకుని రోడ్డెక్కాడు. వెనక నుంచి ఉదయ్ ఏదో అరిచాడు గానీ వెనక్కి తిరగలేదు.

గురువారం జీపు దిగి రెండు మైళ్లు నడిచి ఫల్గుణ ఊరు చేరాడు. ఫల్గుణ అరుగు మీద నులక మంచంలో ఉన్నాడు. మోకాలి నుంచి పాదం దాకా పిండికట్టు. ఎజ్రాని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రాజకుమారి చేటలో రాగులు చెరుగుతోంది. కూర్చోమనలేదు.

ఎజ్రా గుడ్డ విప్పి, ముక్కని మంచం పట్టె మీద పెట్టాడు.

"సూడు."

ఫల్గుణ చూడలేదు. కాసేపటికి చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. రెండేళ్లుగా ఆ బండి తోలినవాడు. ఎవరూ చెప్పకుండానే వేలు ముదురు రంగు భాగం మీదికి, అక్కణ్నుంచి తెల్లటి భాగం మీదికి వెళ్లింది.

"ఇది ముందే పోయుంది" అన్నాడు.

"ముందే పోయుంది. నేనే పాడుసేసాను, ఫిబ్రవరిలో. ఎర్రగా కాల్చి నీళ్లోసాను."

చేట చప్పుడు ఆగింది.

"శనివారం రాత్రి ఇంత తాగాను" అన్నాడు ఫల్గుణ, ముక్కకే చెబుతున్నట్టు. "ఆదోరం పొద్దున తాగలేదు. గానీ అందరూ అంతంటే, అది ఇంకా ఒంట్లో ఉండిపోయిందేమో అనుకున్నాను. ఆ మలుపులో నానే ఏటో సేసాననుకున్నాను. నాలుగు రోజుల్నుంచి ఆ మలుపే బుర్రలో తిప్పుకుంటన్నాను, ఎక్కడ తప్పు తోలానా అని." తల ఎత్తాడు. "నువ్వేల సంతకం ఎట్టావు?"

"నమ్మాను."

"దేన్ని?"

"నువ్వు తాగుతావని."

ఫల్గుణ ముక్కని అరుగు మీదికి విసిరేశాడు. అది గుండ్రంగా దొర్లి రాజకుమారి చేటకి తగిలి ఆగింది.

"వాసన లేదు" అన్నాడు ఎజ్రా. "బీడీ వాసనే ఉంది. నాకు తెలుసు. అయినా ఎట్టాను."

"ఎల్లు."

"ఠాణాకెళ్లి సెప్తాను. కాగితం మీద నా మాట తప్పని..."

"ఎల్లమంతన్నాను గదా!" పిండికట్టు ఉన్న కాలు కదిలిన నొప్పికి పళ్లు బిగించాడు.

ఎజ్రా అరుగు దిగి నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి రాజకుమారి వచ్చింది. ముక్క ఆమె చేతిలో ఉంది.

"ఠాణాకి తరవాత ఎల్లు. కాగితం బీరువాలో ఉంటాది, ఎవడూ సూడడు. రేపు అరకు సంత. ఆ జీపులోళ్లూ రిసార్టోళ్లూ టీ తాగే కాడే ఆడి పేరు పాడయ్యింది. అక్కడికి రా. పెద్దగా సెప్పు."

"వస్తాను."

"రాపోతే ఇది పట్టుకుని నానే మీ చర్చికి వస్తాను" అని ముక్కని అతని చేతిలో పెట్టింది.

శుక్రవారం సంత పొద్దున్నే నిండిపోయింది. జీపుల స్టాండు పక్క టీ దుకాణం ముందు డ్రైవర్లు, గైడ్లు, రిసార్టుల మనుషులు గుంపులుగా నిలబడి ఉన్నారు. రాజకుమారి అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. బుట్ట దించకుండానే ఎజ్రా పక్కన ఆగింది.

"సెప్పు."

ఎజ్రా గొంతు సవరించుకున్నాడు. "ఫల్గుణ తాగలేదు" అన్నాడు. పక్కనున్న ఒకడు మాత్రమే విన్నాడు.

"పెద్దగా."

"ఫల్గుణ తాగలేదు! బండి యాక్సిల్ నేను పాడుసేసాను. అందుకే ఇరిగింది. కాగితం మీద తప్పుడు సంతకం ఎట్టాను."

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు తిరిగి చూశారు. అప్పారావు అనే జీపు డ్రైవరు పకపకా నవ్వాడు. "ఏటి ఎజ్రా, ఈవేళ నువ్వు తాగొచ్చావేటి?" మరో ఇద్దరు నవ్వారు. ఒక రిసార్టు మనిషి సెల్‌ఫోన్ తీసి దూరంగా వెళ్లాడు, ఎవరికి చెప్పడానికో తెలుస్తూనే ఉంది.

ఎజ్రా మొహం మండిపోయింది. నలభై రెండేళ్లలో ఆ మాట తనని ఎవరూ అనలేదు. అది అబద్ధమని అరవడానికి నోరు తెరిచాడు. కానీ మళ్లీ మొదటి మాటే అన్నాడు. "ఫల్గుణ తాగలేదు."

రాజకుమారి ఆ మాట రెండోసారి కూడా విన్నది. బుట్ట సర్దుకుని, అతని వంక చూడకుండా, అల్లం అమ్మేవాళ్ల వరసలోకి వెళ్లి కూర్చుంది. చాలనీ అనలేదు, ఇంకా చెప్పమనీ అనలేదు.

ఎజ్రా వెళ్లిపోవచ్చు. ఎవరూ ఆపడం లేదు. రెండు అడుగులు వేసి, జీపు చక్రాన్ని ఆనుకుని కూర్చున్న మరో గుంపు ముందు ఆగి, గుడ్డ విప్పి ముక్కని చూపించాడు. ఒక డ్రైవరు దాన్ని అందుకుని ఎండకి పెట్టి చూశాడు. అతని నవ్వు తగ్గింది. పక్కవాడికిచ్చాడు. పసుపు మూట నెత్తిన ఉన్న ఓ ముసలామె గుంపుని చూసి ఆగింది.

"ఏటి బాబూ? ఎవుడు తాగలేదంట?"

"ఫల్గుణ, అమ్మా."

"ఏ ఫల్గుణ? నాకు సరిగ్గా ఇనబడదు. మొదట్నించీ సెప్పు."

ఎజ్రా ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఫిబ్రవరిలో ఒక ఇనప కడ్డీ వంగిందమ్మా" అన్నాడు. "దాన్ని నేను కాల్చాను."